వీసా గడువు తీరితే పని వెట్టిచాకిరీ అవుతుంది: బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి విదేశీ పనికి వెళ్లేవాళ్లకీ వాళ్ల ఇంటివాళ్లకీ

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు ఊళ్ల నుంచీ, సరిహద్దులోని గిరిసోల గేటుకి అవతల, ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచీ వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డింగ్ పనివాళ్లు ఏళ్ల తరబడి గల్ఫ్ వెళ్తూనే ఉన్నారు. చాలామంది నాలుగు డబ్బులు వెనకేసుకుని క్షేమంగా తిరిగొస్తున్నారు. ఇరుక్కుపోయినవాళ్ల సంగతి ఆరా తీస్తే మాత్రం మొదలు తరచూ ఒకేలా ఉంటుంది. చేతిలో ఉన్న వీసా ఒకటి, చేయించే పని ఇంకొకటి. జీతం ఎగ్గొట్టడం, చేయి చేసుకోవడం, గదికి తాళం పెట్టడం ఆ తర్వాత వస్తాయి. అందుకే ఇక్కడ చెప్పేదంతా వీసా చుట్టూనే తిరుగుతుంది. వెళ్లేవాళ్లతో పాటు ఇంట్లో ఉండేవాళ్లు కూడా చదవాలి. ఆపద వచ్చినప్పుడు ఫిర్యాదు రాసేదీ, ఆఫీసుల చుట్టూ తిరిగేదీ వాళ్లే.

కాగితాలు పోతే వెట్టి ఎలా పుడుతుంది

డబ్బు పుచ్చుకుని దొంగదారిన సరిహద్దు దాటించడం ఒక నేరం. మోసం చేసో, బెదిరించో, అప్పులో బిగించో మనిషిని తరలించి పని పిండుకోవడం ఇంకో నేరం. దీన్నే మనుషుల అక్రమ రవాణా అంటారు. మొదటిదాంట్లో మనిషి గమ్యం చేరగానే బేరం ముగుస్తుంది, రెండోదాంట్లో చేరాకే మొదలవుతుంది. కానీ మొదటి దారిన వెళ్లినవాడు రెండో ఉచ్చులో పడడం చాలా తేలిక. ఎంత అన్యాయం జరిగినా అతను పోలీసు గడప తొక్కలేడు. తొక్కితే ముందు తననే లోపల వేస్తారని భయం. సొంత దేశంలో పనిచేసుకునేవాళ్లతో పోలిస్తే వలస కూలీలు నిర్బంధ చాకిరీలో పడే ప్రమాదం మూడు రెట్ల కన్నా ఎక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో లెక్క చెప్పింది.

యజమానికి కావలసింది ఆ భయమే. "బయటికి వెళ్తే పోలీసులు పట్టుకుంటారు" అని ఒక్క మాట అంటే చాలు, కాపలా పెట్టే పని కూడా ఉండదు. చెల్లే వీసా లేకుండా మిగిలిపోవడాన్ని మనవాళ్లు ఖల్లివల్లి అయిపోవడం అంటారే, అది చాలాసార్లు తనంతట తాను జరిగేది కాదు. ఎవరో ఒకరు లాభం కోసం చేయించేది. అది ముఖ్యంగా నాలుగు దారుల్లో జరుగుతుంది.

ఒకటి, విజిట్ వీసా. "ముందు విజిట్ మీద దిగు, అక్కడ కంపెనీ వీసాకి మార్చేస్తాం" అంటాడు ఏజెంటు. దుబాయ్‌కి ఇచ్చే విజిట్ వీసా 30 రోజులో, 60 రోజులో ఉంటుంది. దాని మీద పని చేయడమే అక్కడి చట్టం ప్రకారం తప్పు. గడువు దాటిన ప్రతి రోజుకీ 50 దిర్హాంల జరిమానా పడుతుంది. ఆరు నెలలు దాటితే 9,000 దిర్హాంలు. దిర్హాం 23 రూపాయలనుకుంటే రెండు లక్షల పైమాటే. అప్పుడు యజమాని "ఫైన్ నేను కడతాను, రెండేళ్లు నా దగ్గరే చెయ్యి" అంటాడు. వెట్టి అక్కడ మొదలైనట్టే. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వర్క్ పర్మిట్ లేకుండా మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష దిర్హాంల నుంచి పది లక్షల దిర్హాంల వరకు జరిమానా వేసేలా 2024లో ఎమిరేట్స్, అంటే దుబాయ్ ఉన్న దేశం యూఏఈ, చట్టాన్ని కఠినం చేసింది. భయపడాల్సింది కూలీ ఒక్కడే కాదు.

రెండు, ఆజాద్ వీసా. దీన్నే ఫ్రీ వీసా అని కూడా అమ్ముతారు. అలాంటి వీసా గల్ఫ్‌లో ఏ చట్టంలోనూ లేదు. పేరుకి ఒక కఫీల్, అంటే వీసాకి పూచీ ఉండే యజమాని, ఉంటాడు, అతనికి ఏటా డబ్బు కట్టి బయట ఎక్కడో పని చేసుకోవాలి. కువైట్‌లో అయితే ఇంటి పనివాళ్లకి ఆర్టికల్ 20 కింద, ప్రైవేటు కంపెనీల వాళ్లకి ఆర్టికల్ 18 కింద అకామా, అంటే నివాస అనుమతి, ఇస్తారు. 20 మీద వెళ్లి బిల్డింగ్ పనిలో దొరికితే పంపించేస్తారు. కఫీల్‌కి ఆ సంగతి తెలుసు కనుకే రెన్యువల్ వచ్చినప్పుడల్లా రేటు పెంచుతాడు.

మూడు, సరైన వీసా మీద వెళ్లినవాడి కాగితాలను యజమానే పాడుచేయడం. అకామా రెన్యువల్ చేయడు. లేదంటే పారిపోయాడని రిపోర్టు ఇస్తాడు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. జీతం అడిగినందుకు హురూబ్ పెట్టేవాళ్లున్నారు. 2022 అక్టోబరు నుంచి అక్కడ నిబంధన మారింది. పనికి రావడం లేదని యజమాని రిపోర్టు చేసిన రోజు నుంచి 60 రోజుల్లో వేరే యజమాని దగ్గరికి మారవచ్చు, లేదా ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేయవచ్చు. ఆ 60 రోజులు తెలియక చేజారితే మళ్లీ మొదటికే వస్తుంది.

నాలుగోది కొత్తది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది. డేటా ఎంట్రీ, కాల్ సెంటర్, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగమని చదువుకున్న కుర్రాళ్లని బ్యాంకాక్ పంపిస్తారు. థాయ్‌లాండ్‌కి మనవాళ్లకి 2023 నవంబరు నుంచి వీసా లేకుండానే ప్రవేశం దొరుకుతోంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అక్కడి నుంచి కారులో సరిహద్దు ఊరైన మే సోట్ తీసుకెళ్లి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడి చేరుస్తారు. నది దాటిన క్షణం నుంచి పాస్‌పోర్టులో ముద్ర లేదు, వీసా లేదు, థాయ్ లెక్కల్లో దొంగతనంగా దేశం దాటినవాడు. ఆపైన కాంపౌండ్‌లో పెట్టి రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. వదలమంటే లక్షల్లో డబ్బు కట్టమంటారు. 2025 మార్చిలో భారత వైమానిక దళం విమానాల్లో మే సోట్ నుంచి ఐదు వందల మందికి పైగా మనవాళ్లని వెనక్కి తెచ్చారు. కంబోడియా వ్యవహారం కూడా ఇదే తీరు. 2023 చివర రూర్కెలా పోలీసులు, 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులు అక్కడివే.

వీసా సరిగా ఉంటే చాలు, ఇక ఏ భయమూ లేదని కూడా అనుకోకూడదు. 2005లో కత్రినా తుఫాను తర్వాత అమెరికాకి సుమారు ఐదు వందల మంది భారతీయ వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు చట్టబద్ధమైన హెచ్-2బీ (తాత్కాలిక పని) వీసాల మీదే వెళ్లారు. గ్రీన్ కార్డు ఆశ చూపి ఒక్కొక్కరి దగ్గర పది వేల డాలర్లకి తక్కువ కాకుండా వసూలు చేశారు. కాపలా ఉన్న క్యాంపుల్లో పెట్టారు. 2015లో న్యూ ఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ వాళ్లలో ఐదుగురికి కోటీ నలభై లక్షల డాలర్ల పరిహారం తేల్చింది. ఒకే యజమానికి కట్టేసిన వీసాకి అప్పు తోడైతే, కాగితం ఉన్నా మనిషి కదల్లేడు.

అప్పు లెక్క ఇంట్లోనే వేసుకోండి

విజిట్ వీసా మీద పంపే ఏజెంటుకి 1,20,000 ఇవ్వడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకి వడ్డీ 3,600. చెప్పిన జీతం 1,500 దిర్హాంలు, అక్కడ ఇచ్చేది 900, అందులో మెస్సుకి 300 కోత. మిగిలిన 600 దిర్హాంలు అంటే 13,800 రూపాయలు. వడ్డీ పోగా 10,200. ఇంటి ఖర్చుకి 6,000 తీస్తే అసలుకి చేరేది 4,200. ఆ లెక్కన అప్పు తీరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. వీసా మాత్రం 60 రోజులే. కొట్టినా తిట్టినా కుర్రాడు వెనక్కి రాకపోవడానికి కారణం ఈ తేడాయే. పిరికితనం కాదు. ఇంటి దగ్గర పుస్తెలు తాకట్టులో ఉన్నాయని అతనికి తెలుసు.

చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇచ్చి తీరాలి. ఎమిరేట్స్ చట్టమైతే నియామకం ఖర్చు కూలీ నెత్తిన వేయకూడదనే అంటోంది. ఎనభై వేలు, లక్షన్నర అడిగినవాడు మీ చేత ఆ అప్పు చేయిస్తున్నాడు. షావుకారు దగ్గర ఖాళీ ప్రోనోటు మీద సంతకం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. అంకె, తేదీ రాయించి, ఫోటో తీసుకున్నాకే సంతకం.

వెళ్లే ముందు చూసుకోవలసినవి

మొదట ఏజెంటు. విదేశాంగ శాఖ నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు కొట్టి రిజిస్ట్రేషన్ నంబరు, గడువు, చిరునామా, ప్రస్తుతం చెల్లుబాటులో ఉందో సస్పెండ్ అయిందో చూడండి. ఇంతవరకు చాలామంది చేస్తారు. మోసం జరిగేది ఇక్కడే. ముంబైలోనో చెన్నైలోనో ఉన్న అసలు సంస్థ నంబరు తన కార్డు మీద అచ్చు వేసుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. అందుకని కార్డు మీది ఫోన్ నంబరుకి కాకుండా, వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. బరంపురంలో మీకు బ్రాంచి ఉందా, ఫలానా మనిషి మీవాడేనా, ఫలానా కంపెనీకి ఫలానా ట్రేడులో ఇప్పుడు డిమాండ్ ఉందా. సబ్ ఏజెంట్ అనేవాడికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో చోటే లేదు. అతను మీ బావమరిదే అయినా సరే.

రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారా వెళ్తే ఒక బలం ఉంది. అతను ప్రభుత్వం దగ్గర బ్యాంకు గ్యారంటీ పెట్టి ఉంటాడు. పెద్ద సంస్థలకి 50 లక్షలు, వంద మంది లోపు పంపే చిన్నవాళ్లకి 8 లక్షలు. ఫిర్యాదు వెళ్తే లైసెన్సుకీ, ఆ డబ్బుకీ ఎసరు వస్తుందని అతనికి భయం ఉంటుంది. ఊళ్లో తిరిగే దళారికి పోయేది ఏమీ లేదు.

తర్వాత పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్, లిబియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే విదేశాంగ శాఖ అధికారి అనుమతి కావాలి. ఆ అనుమతి తీసుకుంటే ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. రెండేళ్లకి 275 రూపాయల ప్రీమియం, దాని మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లినవాడికి ఇవేవీ లేవు. పదో తరగతి దాటిన ఐటీఐ కుర్రాళ్లకి ఈ తనిఖీ లేదు కనుక ఏజెంట్లు వాళ్లనే ఎంచుకుంటారు. వాళ్లు కూడా ఈమైగ్రేట్‌లో తమంతట తాము పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకోండి. కంబోడియా, మయన్మార్, లావోస్ ఆ 18 దేశాల జాబితాలో లేవు. అక్కడి ఉద్యోగమంటే మన వైపు నుంచి అడిగే నాథుడే లేడని గుర్తు.

ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్ల విషయంలో నిబంధన ఇంకా గట్టిది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఆ 18 దేశాలకి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. పంపడం కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివే. పాతికేళ్ల పిల్లని విజిట్ వీసా మీద మస్కట్ తీసుకెళ్తానని ఎవరైనా వస్తే ఇక మాట్లాడవలసింది ఏమీ లేదు.

ఇక వీసా కాగితం. దాన్ని ఎయిర్‌పోర్టు గుమ్మంలో వాట్సాప్‌లో పంపుతానంటే ప్రయాణం మానుకోండి. కనీసం నాలుగు రోజుల ముందు చేతికి రావాలి, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల చేత చదివించాలి. టూరిస్ట్, విజిట్ అన్న మాట ఉంటే అది పని వీసా కాదు. ఖతార్‌కి అయితే ఇంకో తేలిక గుర్తు ఉంది. పని వీసా వాళ్లు హైదరాబాద్, కోల్‌కతా లాంటి చోట్ల ఉన్న ఖతార్ వీసా సెంటర్‌కి స్వయంగా వెళ్లాలి. వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్టు సంతకం అక్కడే అవుతాయి. అక్కడికి పిలవలేదంటే అది పని వీసా కాదన్నమాట. దుబాయ్ పనికి కార్మిక శాఖ ఫార్మాట్‌లో ఆఫర్ లెటర్ ఉంటుంది. దాని మీది నంబరుతో ఆ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. బయల్దేరే ముందు ఒక కాంట్రాక్టు, దిగాక తక్కువ జీతంతో ఇంకో కాంట్రాక్టు పెట్టడం పాత ఎత్తు. మొదటిదాని కాపీ ఇంట్లో ఉంటేనే రెండోదాన్ని నిలదీయగలం.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నగదే కావాలని పట్టుబడితే అది అతని నైజం చెప్పేస్తుంది. ఇప్పటికే నగదు ఇచ్చేసి ఉంటే, "మొన్న ఇచ్చిన అరవై వేలు చేరాయి కదా, మిగతాది ఎప్పుడివ్వాలి?" అని వాట్సాప్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. రేపు పోలీసు స్టేషన్‌లో అది పనికొస్తుంది.

ఇంట్లో ఉంచవలసిన కట్ట

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ. వీసా. కాంట్రాక్టు. టికెట్. డబ్బు కట్టిన రుజువులు. ఏజెంటు ఫోన్ నంబర్లు, కార్డు, దొరికితే ఫోటో. కంపెనీ పేరు అచ్చం వీసాలో ఉన్నట్టే. ఇవన్నీ రెండు జతలు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి నమ్మకమైన ఇంకొకరి దగ్గర. ఫోన్‌లోనే ఉన్నాయి కదా అనుకోకండి. అక్కడ ముందు లాక్కునేది ఫోన్‌నే. పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాడికి ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే మనవాళ్లు ఔట్‌పాస్ అనేది, ఇవ్వాలంటే అతను భారతీయుడని తేలాలి. పాస్‌పోర్టు నంబరు చెప్పగలిగితే ఆ పని చాలా తొందరగా అవుతుంది. చెప్పలేకపోతే విచారణ కాగితం అక్కడి నుంచి ఇక్కడి స్టేషన్‌కి వచ్చి వెళ్లేదాకా కూర్చోవాలి.

మన సరిహద్దు జిల్లాల్లో పేర్ల గొడవ ఒకటి ఉంది. స్కూలు రికార్డులో, ఆధార్‌లో తెలుగు ఇంటిపేరుని ఒడియా ఉచ్చారణతో రాసి ఉంటారు, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. ప్రతి ఫిర్యాదులోనూ పాస్‌పోర్టులోని స్పెల్లింగ్‌నే అక్షరం పొల్లుపోకుండా రాయండి.

ఒక సంకేత మాట కూడా ముందే అనుకోండి. పక్కన కాపలావాడు ఉండగా ఫోన్ మాట్లాడవలసి రావచ్చు, ఆ కాపలావాడికి తెలుగు కూడా వచ్చి ఉండవచ్చు. అందుకని వినేవాళ్లకి మామూలుగా అనిపించే ప్రశ్న ఒకటి పెట్టుకోవాలి. "ఈ ఏడు బరంపురంలో ఠాకురాణీ యాత్ర ఉందా?" అంటే ఆపదలో ఉన్నానని అర్థం. "అత్తకి ఒంట్లో ఎలా ఉంది?" అంటే నన్ను వేరే ఊరికి మార్చారని. అమ్మకీ, భార్యకీ, తమ్ముడికీ, ముగ్గురికీ తెలిసి ఉండాలి.

దిగిన తర్వాత

పని వీసా మీద వెళ్లినవాళ్ల అసలు కార్డు, అంటే అకామా గానీ ఎమిరేట్స్ ఐడీ గానీ, ఎన్నాళ్లకి ఇస్తారో అడగండి. ఇచ్చాక దాని గడువు తేదీని ఇంటికి పంపండి. ఆయా దేశాల ప్రభుత్వ యాప్‌లలో అకామా ఉందో తీరిందో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి నెలా జీతం పడిన రోజున అది కూడా చూడడం అలవాటు చేసుకోండి. హురూబ్ పెట్టినా అక్కడే తెలుస్తుంది. వీసా పెట్టించే పని కోసం పాస్‌పోర్టు కొన్ని రోజులు తీసుకోవడం మామూలే, తిరిగి ఇవ్వకపోవడం మాత్రం ఎమిరేట్స్, సౌదీ, ఖతార్ చట్టాల ప్రకారం తప్పు. ఎన్ని గంటలు చేశారో, ఎంత ఇచ్చారో ఒక చిన్న పుస్తకంలో రోజూ తేదీ వేసి రాసుకోండి. పేజీ నిండగానే ఫోటో ఇంటికి. జీతం కేసుల్లో ఇంతకన్నా గట్టి సాక్ష్యం కూలీ చేతిలో మరొకటి ఉండదు.

మామూలు కష్టమైన పనికీ వెట్టికీ తేడా ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు ఇవ్వరు. రెండు మూడు నెలల జీతం ఎప్పుడూ వెనకే ఉంటుంది. సెలవు రోజున కూడా బయటికి పోనివ్వరు, లేదా వెంట మనిషిని పంపుతారు. మానేస్తానంటే ఖర్చు కట్టమంటారు, ఆ ఖర్చు అడిగిన ప్రతిసారీ పెరుగుతుంది. పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తారు. వీటిలో రెండు కలిసి కనిపించినా సాయం అడగడానికి సమయం వచ్చినట్టే. దెబ్బలు పడేదాకా ఆగకండి.

ఇరుక్కుంటే ఏ వరుసలో చేయాలి

ప్రాణానికి ముప్పు ఉంటే వరుస ఏమీ లేదు. దొరికిన మొదటి అవకాశంలో బయటపడి నేరుగా భారత ఎంబసీకో, కాన్సులేట్‌కో వెళ్లడమే. ముప్పు అంత దగ్గరలో లేకపోతే, ఫిర్యాదు నమోదు చేశాకే గది వదలండి. ముందే వెళ్లిపోతే మీరు పారిపోయారని యజమాని రిపోర్టు పెట్టి మీ మాటని దొంగమాట చేస్తాడు. ఫిర్యాదు తేదీ రిపోర్టు తేదీ కన్నా ముందు ఉంటే కథ మారిపోతుంది.

దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342, అక్కడి నుంచి ఉచితం. మన దేశం నుంచి ఇంటివాళ్లు 1800 11 3090కి చేయవచ్చు. ఏ దేశంలో ఉన్నా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, ఇంటివాళ్లు కూడా పెట్టవచ్చు. అందులో బాధ కన్నా వివరాలు ఎక్కువ రాయండి. పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, దిగిన తేదీ, కంపెనీ పేరు, ఉన్న చోటు లొకేషన్, ఎన్ని నెలల జీతం బాకీ, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, ఏం కావాలి. చివరిది చాలామంది మరిచిపోతారు. వెనక్కి రావాలా, జీతం ఇప్పించి అక్కడే వేరే పని చూసుకోవాలా అన్నది తేల్చి రాస్తేనే అధికారి ఏదో ఒక పని మొదలుపెట్టగలడు. టికెట్‌కి డబ్బు లేనివాళ్లకీ, ఆశ్రయం లేనివాళ్లకీ ఎంబసీల దగ్గర భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి ఉంటుంది. దాని పేరు చెప్పి అడగండి.

ఖల్లివల్లి అయినవాళ్లు క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తూ ఏళ్లు గడిపేస్తారు. 2024లో కువైట్, ఎమిరేట్స్ రెండూ ఇచ్చిన మాట నిజమే, జరిమానా లేకుండా వేలమంది బయటపడ్డారు. కానీ మళ్లీ ఎప్పుడు ఇస్తారో ఎవరూ చెప్పలేరు, ఈలోగా రోజురోజుకీ జరిమానా పెరుగుతుంది. ప్రకటన వస్తే మొదటి వారంలోనే వెళ్లండి. చివరి వారంలో ఔట్‌పాస్ క్యూ కదలదు.

వచ్చేసే ముందు అరబ్బీలో రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటారు. జీతమంతా ముట్టిందని అందులో ఉండవచ్చు. చదివించకుండా పెట్టకండి. బాకీ ఉండగానే రావలసి వస్తే, వసూలు చేసే అధికారం రాసిచ్చే పత్రం గురించి ఎంబసీలోనే అడిగి, అది పూర్తిచేశాకే విమానం ఎక్కండి. వచ్చేశాక ఆ పని పదింతలు కష్టం.

ఇక్కడ ఇంటివాళ్లు చేయవలసింది

ఏజెంటు ఇచ్ఛాపురంలో, డబ్బు కట్టింది బరంపురంలో, విమానం ఎక్కింది ముంబైలో. "మా పరిధి కాదు" అని స్టేషన్ నుంచి స్టేషన్‌కి తిప్పడం ఇక్కడ మామూలుగా జరిగేదే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవలసిందే. జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదుని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. గంజాం, గజపతి స్టేషన్లలో ఒడియాలో రాసిస్తే పని తొందరగా అవుతుంది. తెలుగులో మీ మాటల్లో రాసుకుని, ఒడియా ప్రతిని తెలిసినవాళ్ల చేత రాయించి, రెండూ జత చేయండి. ఉచిత న్యాయ సహాయానికి నంబరు 15100, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మనిషిని ఇస్తారు.

ఫిర్యాదులో రెండు చట్టాలు పేరు పెట్టి రాయండి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాకి సంబంధించింది. కనీసం ఏడేళ్ల కఠిన శిక్ష, ఒకరికన్నా ఎక్కువమందిని పంపి ఉంటే పదేళ్ల నుంచి యావజ్జీవం. "మీవాడు ఇష్టపడే వెళ్లాడు కదా" అని స్టేషన్‌లో తప్పక అంటారు. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. రెండోది ఎమిగ్రేషన్ చట్టం. దీని కింద కేసు నడపడానికి మామూలుగా కేంద్రం అనుమతి కావాలి, పోలీసులు ఆ సాకు చెప్తారు. వెళ్లిన మనిషి గానీ, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదని 27వ సెక్షన్ చెప్తోంది. అందుకే సంతకం ఊరి పెద్ద చేత కాకుండా ఇంటి మనిషి చేతే పెట్టించాలి.

ఏజెంటు రాజీకి వస్తాడు. ఇరవై, ముప్పై వేలు చేతిలో పెట్టి కేసు వెనక్కి తీసుకోమంటాడు. కుర్రాడు ఇంకా అక్కడే ఉండగా ఆ మాటకి ఒప్పుకుంటే, వెనక్కి తెచ్చే ఒత్తిడి అతని మీద నుంచి పోతుంది. ముందు మనిషి రావాలి, డబ్బు మాట తర్వాత.

తిరిగొచ్చినవాడి ఫోన్‌లోంచి ఏదీ చెరపనివ్వకండి. ముఖ్యంగా మ్యావడి, కంబోడియాల నుంచి వచ్చినవాళ్లు సిగ్గుతోనో, తామే కేసులో ఇరుక్కుంటామన్న భయంతోనో చాట్లు తీసేస్తారు. బలవంతంగా చేయించారని చూపించేది అవే. వాంగ్మూలం ఇచ్చే ముందు 15100 ద్వారా వకీలుని పెట్టుకుని, ఫోన్, టికెట్, పాస్‌పోర్టులోని ముద్రల ఫోటోలు అతనికి ఇవ్వండి. వడ్డీకి ఇచ్చిన షావుకారు దగ్గరికి కూడా ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని ఇద్దరు మనుషులతో వెళ్లి మాట్లాడండి. వడ్డీ ఆపించి అసలుకి వాయిదాలు రాయించుకోండి, కొత్త ప్రోనోటు మాత్రం రాయకండి. ఆ అప్పు తీర్చాలన్న తొందరే కుర్రాణ్ణి రెండోసారి అదే ఏజెంటు గుమ్మంలోకి తీసుకెళ్తుంది.